శమాల్ వీచిన గురువారం

దుబాయ్ దగ్గర ఉమ్ అల్ కువైన్‌లో నేను పనిచేసిన ఇంట్లో పెద్దాయనను అందరూ బాబా అనేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లుగా షుగర్ ఉంది. రోజూ పొద్దున్న ఏడింటికి ఫలహారం పళ్లెం ఆయన ముందు పెట్టి, పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇన్సులిన్ సూది వేయడం నా పని. సూది వేశాక ఆయన రొట్టె తుంచేవారు. తినడం అయ్యేదాకా నేను పక్కనే నిలబడాలి. ఆ ఇంటి పెద్దకొడుకు, అంటే నా వీసాకు పూచీ ఉన్న కఫీల్, నేను పనిలో చేరిన రోజునే ఈ మాట రెండుసార్లు చెప్పాడు. ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లలో ఒక్కరోజు నేను నిలబడలేదు.

మాది కోనసీమ. అమలాపురంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆరేళ్లు రోగుల పక్కన పనిచేశాను. దుబాయ్‌కి మాత్రం ఇంటిపని వీసా మీదే వచ్చాను. మొదట పనిచేసిన కుటుంబం కరోనా వచ్చాక తమ దేశం వెళ్లిపోయింది. దుబాయ్‌లోనే కరామా అనే పేటలో ఆరుగురం ఒకే గదిలో పడుకునే చోట మూడు నెలలు ఖాళీగా ఉన్నాను. మా ఊరావిడ ఒకామె ద్వారా ఈ ఇల్లు దొరికింది. సూది వేయడం వచ్చా అని అడిగారు. వచ్చు అన్నాను.

బాబా చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పడవలో పెరిగిన మనిషి. తర్వాత సర్కారు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సంతోషం ఒక్కటే, నెలకు రెండుసార్లు ఖోర్‌లోకి చేపలకు వెళ్లడం. ఖోర్ అంటే సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చిన చోటు. మడ చెట్ల మధ్య మైళ్ల కొద్దీ మోకాలి లోతు నీళ్లు, అడుగున తెల్లటి ఇసుక. తండ్రి ఒంటరిగా వెళ్లడం ఇష్టం లేక కొడుకు ఒక గైడ్‌ను పెట్టాడు. ఆ గైడ్ కాకినాడ దగ్గర సముద్రపు ఒడ్డు ఊరివాడు. నలభై ఐదేళ్లుంటాయి. ఇక్కడికి వేటపడవల్లో కూలీగా వచ్చి, తర్వాత తెల్లవాళ్లతో లోతులేని నీళ్లలో సన్నటి రాడ్లతో చేపలు పట్టించే పని నేర్చుకున్నాడు. మొదటి రోజే నా మాట విని, "గోదారి జిల్లానా చెల్లెమ్మా?" అని అడిగాడు. ఆ దేశంలో నేను అన్నయ్యా అని పిలిచిన మనిషి అతనొక్కడే.

ఆ వేటలో చప్పుడు పనికిరాదు. అడుగు పలకగా ఉండే పడవలో, ఇంజన్ ఆపేసి, వెనక ఎత్తుగా ఉన్న చెక్క మీద నిలబడి అతను గెడ వేసుకుంటూ వెళ్లేవాడు. నీళ్లలో చేపల నీడ కనిపిస్తే గడియారం లెక్కలో చెప్పేవాడు. పడవ ముక్కు పన్నెండు. పది వైపు అంటే కాస్త ఎడమకి. బాబా ముందు నిలబడి అటు గేలం విసరాలి. నాకు కళ్లున్నాయి, నువ్వు చెప్పక్కర్లేదు అని ఆయన విసుక్కునేవారు. విసుక్కుంటూనే పది వైపు విసిరేవారు. నేను మధ్యలో మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. అందులో షుగర్ చూసే మిషను, ఖర్జూరాలు, జ్యూస్ డబ్బా, చిన్న తేనె సీసా ఉండేవి.

కరోనా తగ్గిన తర్వాతి ఏడు మార్చిలో సంగతి ఇది. మార్చి అంటే అక్కడ వేసవి రావాలి. ఆ వారం మాత్రం శమాల్ పట్టుకుంది. శమాల్ అంటే వాయవ్యం నుంచి వచ్చే గాలి. ఇసుకను లేపి, సముద్రాన్ని తిరగేసి, చలిని మళ్లీ మోసుకొస్తుంది. గురువారం పొద్దున్న కూడా కిటికీలు కొట్టుకుంటూనే ఉన్నాయి. బాబా తెల్లవారుజామున ఫజర్ నమాజ్ కాగానే కోటు వేసుకుని కూర్చున్నారు. నేను పళ్లెం పెట్టాను. రెండు గుడ్లు, రొట్టె, చీజు. సూది వేశాను. ఇంత చలిలో వెళ్తున్నామని ఆయనకు ఇంకో స్వెటర్, దుప్పటి తేవడానికి మేడ మీదికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ. రోజూ సగం వదిలే మనిషి మొత్తం తిన్నారని సంతోషించాను కూడా.

పడవ దగ్గర గైడ్ మొహం బాలేదు. నన్ను పక్కకి పిలిచాడు.

"ఈయాల వద్దని చెప్పు చెల్లెమ్మా. గాలి చూస్తున్నావుగా. నే చెప్తే వినడు."

నేను చెబితే మాత్రం వింటారా? మీ ఇద్దరూ పుట్టకముందు మా నాన్న ఈ నీళ్లలో గెడ వేశాడు, యల్లా, పదండి, అని బాబా పడవెక్కేశారు. కొడుక్కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. ఆ టైములో మీటింగులో ఉంటాడు. నెలకు రెండుసార్లు దొరికే ముచ్చటను నా నోటితో చెడగొట్టడం ఎందుకులే అని ఊరుకున్నాను. గైడ్ ఒక షరతు పెట్టాడు. పదిన్నరకి నీరు తీయడం మొదలవుతుంది, ఆలోపు వెనక్కి తిరగాలి, లేకపోతే పడవ ఇసుక మీద కూర్చుండిపోతుంది, మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. బాబా సరేనన్నట్టు చెయ్యి ఊపారు.

మడ చెట్ల చాటున ఉన్నంతసేపు పరవాలేదు. చాటు దాటగానే గాలి పక్కనుంచి కొట్టింది. అల తుంపర మొహాన పడుతుంటే దవడలు వణికాయి. నీళ్లు గరుకుగా అయిపోయి గైడ్‌కి కూడా అడుగు కనిపించలేదు. గంటన్నర తిరిగినా ఒక్క నీడ లేదు. ఫ్లాస్కులోంచి గహ్వా, అంటే అరబ్బు కాఫీ, వంచి బాబాకి ఇచ్చాను. కప్పు రెండు చేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టుకున్నారు. కాసేపటికి చూస్తే కప్పు ఖాళీ. తాగారనుకున్నాను. అవతలి వైపు నీళ్లలో పారబోశారని అప్పుడు తెలియలేదు.

ఒక ఇసుక తిన్నె వెనక నీళ్లు కొంచెం తేటగా ఉన్నాయి. అక్కడ వెండి రంగు చేపలు అయిదారు తిరుగుతున్నాయని గైడ్ చెప్పాడు. పడవ దగ్గరికెళ్తే బెదురుతాయి, దిగి నడవాలి. గెడను ఇసుకలో లోతుగా దిగ్గొట్టి, పడవను దానికి కట్టి, బాబాను చెయ్యి పట్టుకుని దింపాడు. ఇద్దరూ మోకాలి లోతు నీళ్లలో వంగి నడిచారు. బాబా గేలం విసరడం, ఒక చేప దాని వెంట వచ్చి చివర్లో పక్కకి తిరిగిపోవడం నేనూ చూశాను.

అప్పుడే పెద్ద గాలి విసురు వచ్చింది. గెడ ఊడి నీళ్లలో పడింది. కట్టిన తాడుతో సహా దాన్ని ఈడ్చుకుంటూ పడవ వెనక్కి పోవడం మొదలుపెట్టింది. అందులో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇంజన్ వేయడం నాకు రాదు. ఈత అంతకంటే రాదు. కాలవల పక్కన పుట్టి కూడా ఎన్నడూ నేర్చుకోలేదు. గైడ్ నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తి వచ్చాడు. అతను తాడు అందుకునేసరికి పడవ వంద గజాలు కొట్టుకుపోయింది. ఇంజన్ వేయబోయాడు. నీరు అప్పటికే తగ్గుతోంది, ఇంజన్ అడుగునున్న ఫ్యాను ఇసుకకు తగిలి ఆగిపోయింది. పడవను భుజంతో ఆపి నిలబడ్డాడు. ఎదురుగాలికి దాన్ని అంగుళం అంగుళంగా లాగాలి తప్ప వేరే దారి లేదు.

నేను బాబా వైపు చూశాను. ఆయన మా వైపు రావడం లేదు. రాడ్ చేతిలో వేలాడుతోంది. మా వైపు వీపు పెట్టి నెమ్మదిగా అటు నడుస్తున్నారు. అటువైపు నీళ్ల రంగు ముదురుగా ఉంది.

"అటేముంది అన్నయ్యా?"

"కాలవ. ఇంజన్ పడవలు పోయే లోతు." బాబా, బాబా అని ఇద్దరం అరిచాం. గాలి మా మాటల్ని మా వెనక్కే తోసేసింది. ఆయన ఒకసారి తూలారు. మళ్లీ నడిచారు.

"నే వదిలితే పడవ పోద్ది. పడవ పోతే ముగ్గురం పోతాం," అన్నాడు గైడ్. "నువ్వు దిగగలవా చెల్లెమ్మా?"

సంచి మెళ్లో వేసుకుని దిగాను. నీళ్లు తొడల దాకా వచ్చాయి. చలికి ఊపిరి ఆగిపోయింది. వెనకనుంచి అతను అరుస్తున్నాడు. "అడుగు ఎత్తి ఎయ్యకు. ఇసకలో ఈడ్చుకుంటా నడు. తోకలో ముల్లుండే చేపలు పడుకునుంటాయి." చిన్నప్పుడు నాట్లకు వెళ్లి బురదలో నడిచిన కాళ్లే నావి. కాళ్లు ఈడ్చడం వచ్చు. కానీ చేలో గట్టు కనిపిస్తూ ఉంటుంది. ఇక్కడ నా ముందున్నది నీళ్లూ, దూరంగా గోధుమరంగు కోటూ మాత్రమే. ఆ కోటునే చూస్తూ నడిచాను. సగం దూరంలో గుంటలో పడి నడుం దాకా మునిగాను. ప్రభువా అని పైకే అన్నాను. సంచి తలమీద పెట్టుకున్నాను.

ఆయన్ను అందుకునేసరికి కాలవ ఇరవై అడుగుల దూరంలో ఉంది. మోచెయ్యి పట్టుకున్నాను. నా మొహం చూసి నన్ను ఎవరి పేరుతోనో పిలిచారు. రోజూ నాతో హిందీ మాట్లాడే మనిషి గబగబా అరబ్బీలో ఏదో చెబుతున్నారు. ఒళ్లంతా వణుకు. చలికా, షుగర్ పడిపోయిందా? మిషను తీశాను. వేలు పొడిస్తే రక్తం రాలేదు, వేళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. రెండోసారి చుక్క వచ్చింది కానీ తుంపర పడి పట్టీ తడిసింది, మిషను అంకె బదులు ఎర్రర్ అని చూపించింది. మొహం తడిగా ఉంది. అది సముద్రమా, చెమటా? కోటు కింద చెయ్యి పెట్టి వీపు తడిమాను. తుంపర చేరని చోట చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. ఇంత చలిలో అంత చెమట పట్టిందంటే ఇంకేం చూడాలి?

ఖర్జూరం తీసి నోటి దగ్గర పెట్టాను. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు.

"సాయిమ్," అన్నారు.

ఉపవాసం ఉన్నాను అని. ఆ ఒక్క మాట మాత్రం స్పష్టంగా అన్నారు. రంజాన్‌కి ముందు నెలలో పెద్దవాళ్లు సోమవారం, గురువారం ఉపవాసాలు ఉంటారని నాకు తెలుసు. డాక్టరు ఆయన్ను ఉండకూడదన్నాడనీ తెలుసు. ఖాళీ పళ్లెం గుర్తొచ్చింది. పెరట్లో ఎప్పుడూ తిరిగే పిల్లులు గుర్తొచ్చాయి. ఫలహారం వాటికి వేసేశారన్నమాట. ఏమీ తినని మనిషికి నా చేత్తో సూది వేశాను. వేసి మూడున్నర గంటలు దాటింది.

జ్యూస్ డబ్బా పట్టాను. కొట్టి పడేశారు. రాడ్ కూడా జారిపోయింది. కాళ్లు మడతపడి ఆయన నీళ్లలోనే కూర్చుండిపోయారు. నేను వెనక చేరి కూర్చుని, ఆయన తల నా గుండెకు ఆనించి పట్టుకున్నాను. నీళ్లు మా నడుము దాకా ఉన్నాయి, కాలవ వైపు లాగుతున్నాయి. తెలివి తప్పుతున్న వాళ్లకు తాగడానికి ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుందని నర్సింగ్ హోమ్‌లో నేర్పారు. తేనె సీసా మూత పళ్లతో తీశాను. వేలికి రాసుకున్నాను.

అప్పుడు ఒక క్షణం ఆగాను. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అవి మా క్రైస్తవులకూ శ్రమదినాలే, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస కాలం. శుక్రవారాలు నేనూ ఒక్కపొద్దు ఉండేదాన్ని. ఆయన వద్దన్నారు, నోరు బిగించారు. దేవుడికిచ్చిన మాట కోసం నోరు మూసుకున్న ముసలాయన పెదాలు బలవంతంగా తెరవాలి. తర్వాత వేలు ఆయన బుగ్గ లోపలికి దూర్చి తేనె చిగుళ్లకు రాశాను. ఆయన కొరికారు. రక్తం వచ్చింది. మళ్లీ రాశాను. నాలుగుసార్లో, అయిదుసార్లో. "బాబా, నన్ను చూడండి, నన్ను చూడండి," అని తెలుగులోనే అంటున్నాను. ఆయనకు ఏ భాషైనా ఒకటేగా అప్పుడు.

ఎంతసేపో తెలియదు. గైడ్ పడవను లాక్కుంటూ మా దగ్గరికి చేరేసరికి బాబా చూపు కుదురుకుంది. తేనె తనంతట తనే చప్పరిస్తున్నారు. గైడ్ ఆయన్ను చంకల కింద పట్టి పడవలోకి ఎత్తాడు. కొట్టుకుపోతున్న రాడ్ కూడా పట్టుకొచ్చాడు. అడుగున పడుకోబెట్టి దుప్పటి కప్పాం. గాలి తగలకుండా నేను పక్కనే పడుకున్నాను. మింగగలుగుతున్నారని తెలిశాక ఖర్జూరం చిదిమి పెట్టాను. ఈసారి తిప్పుకోలేదు. కళ్లు మూసుకుని నమిలారు. కంటి చివర నీళ్లు జారి చెవిలోకి పోయాయి.

ఇంకా బయటపడలేదు మేం. నీరు తీస్తోంది. పడవ రెండు చోట్ల ఇసుకకు తగిలింది. రెండుసార్లూ గైడ్ దిగి, తాడు నడుముకు చుట్టుకుని, ముందుకి వంగి లాగాడు. రెండోసారి నేనూ దిగి వెనకనుంచి తోశాను. ఆ గాలిలో, ఆ నీళ్లలో ఇంతకుముందులా భయం వేయలేదు. పడవ కదలాలి, అంతే అనిపించింది. పక్కనున్న కాలవ బయటి సముద్రంలోకి పోతుంది, ఆ గాలికి అటు పోలేం; ఒడ్డు వైపు పోయే ఇంకో కాలవకు చేరడానికి అరగంట పట్టింది. అక్కడ ఇంజన్ అందుకుంది.

ఒడ్డున ఆగి ఉన్న కారులో డ్రైవర్ హీటర్ పెట్టాక వేళ్లలో రక్తం వచ్చింది. మిషను డెబ్బై రెండు చూపించింది. కారులో ఉన్న ఇంకో జ్యూస్ డబ్బా తాగించాను. అప్పుడు బాబా నావైపు తిరిగి, కొడుక్కి చెప్పొద్దు, ఖలాస్, అయిపోయింది అన్నారు. డ్రైవర్ అద్దంలో నన్నే చూస్తున్నాడు.

సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. పళ్లెం సంగతి, మేడ ఎక్కిన సంగతి కూడా. అంతా విని అతను ఒకే ప్రశ్న అడిగాడు.

"పళ్లెం ఖాళీ అవడం చూశావా, తినడం చూశావా?"

"ఖాళీ అయ్యాక చూశాను సార్."

ఫోన్ పెట్టేశాడు. ఆ రోజే పెట్టె సర్దుకున్నాను. మర్నాడు శుక్రవారం అతను వచ్చి తండ్రి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కొడుకు గొంతు ఒకటి రెండుసార్లు పెరిగింది. తండ్రి గొంతు అసలు వినపడలేదు. బయటికొచ్చి నాతో, ఇకనుంచి నువ్వు పక్కన కూర్చో, నిలబడక్కర్లేదు, కానీ కదలొద్దు అన్నాడు. చేపల వేట ఆపేశాం అన్నాడు. నా వేలికున్న కట్టు చూసి, టెటనస్ సూది వేయించుకున్నావా అని అడిగాడు. పెట్టె విప్పుకున్నాను.

బాబా నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. సూది వేస్తే కిటికీ వైపు చూసేవారు. ముద్ద ముద్దకూ నోరు తెరిచి నాకు చూపించేవారు, కోపంతో. నేను తల ఊపేదాన్ని. ఆయన ప్రాణం నిలబెట్టానని ఒకసారి, ఆయన పరువు తీశానని ఒకసారి అనిపించేది. సూది వేసిన దాన్నీ నేనే, తర్వాత కాపాడిన దాన్నీ నేనే. అందులో గొప్పేముంది?

పదో రోజు తిన్నాక చెయ్యి తుడుచుకుంటూ, హిందీలో, నెమ్మదిగా అన్నారు.

"రోజా నాది బింతీ. ప్రాణం నాది. సూది మాత్రం నీ చేతిది. అది నేను ఆలోచించలేదు."

రోజా అంటే ఉపవాసం, బింతీ అంటే నా కూతురా అని. నేను పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి, కాసేపు అక్కడే నిలబడ్డాను.

రంజాన్‌లో ఆయన ఉపవాసం ఉండలేదు. డాక్టరూ, మసీదు పెద్దా ఇద్దరూ వచ్చి చెబితే ఒప్పుకున్నారు. దానికి బదులు రోజూ ఒక పేదవాడికి భోజనం పంపాలన్నారు. ఆ డబ్బాలు నేనే కట్టేదాన్ని. ఎండాకాలం గడిచింది. నవంబరులో చల్లబడ్డాక కొడుకు ఏమనుకున్నాడో, ఒక శనివారం తనే గైడ్‌కి ఫోన్ చేసి, తనూ వస్తానన్నాడు. నలుగురం వెళ్లాం. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. తండ్రీ కొడుకులు ముందు నిలబడి ఎటు విసరాలని వాదించుకుంటున్నారు. బాబా రెండు చేపలు పట్టారట. నేను ఒక్కటీ చూడలేదు. ఆయన మెడ వెనక చెమట పడుతుందా, చెయ్యి వణుకుతుందా అని కళ్లు తిప్పకుండా చూస్తూ కూర్చున్నాను. గైడ్ గెడ ఆపి, పైనుంచి వంగి మెల్లగా అన్నాడు.

"చేపలు అటేపున్నాయి చెల్లెమ్మా. ఒక్కసారి చూడు."